మాటిమాటికీ ఒంటికి వెళ్లే పిల్లలు: నడుముకి పెట్టే కరెంటు ఏం చేయగలదు?

మోకాలి నొప్పికో నడుం నొప్పికో ఫిజియోథెరపీ చేయించుకున్న పెద్దవాళ్లని మన నర్సీపట్నంలో ఎవరినైనా అడగండి, "కరెంటు పెట్టించుకున్నాను" అంటారు. వినడానికి భయంగా ఉన్నా అది తప్పు మాటేం కాదు. రెండు జిగురు ప్యాడ్లు, రెండు వైర్లు, అరచేతిలో పట్టే చిన్న పెట్టె. దాన్ని టెన్స్ మిషను అంటాం. చర్మం మీది నుంచి నరానికి సన్నని కరెంటు పంపడమే దాని పని. నొప్పులకి నేను ఏళ్ల తరబడి వాడుతున్న ఈ మిషను చిన్నపిల్లల మూత్ర సమస్యకి కూడా పనికొస్తుందని నేను చదివి తెలుసుకున్నది కొంత, ఒక తల్లీకూతుళ్ల వల్ల తెలుసుకున్నది కొంత.

ఆ తల్లి కుట్టుమిషను మీద బట్టలు కుడుతుంది. నడుం పట్టేసి నా దగ్గరికి వచ్చింది. వెంట తొమ్మిదేళ్ల కూతురు. తల్లికి ప్యాడ్లు అంటించి ఇరవై నిమిషాలకి టైమర్ తిప్పాను. ఆ ఇరవై నిమిషాల్లో పాప మూడుసార్లు చిటికెన వేలు చూపించింది. మూడోసారి తల్లి విసుక్కుంది. "దీనికి ఒళ్లంతా బద్ధకం మేడం. ఆటలో పడితే లేవదు, చివరి నిమిషంలో పరిగెడుతుంది. సల్వార్ తడపకుండా ఒక్క రోజు కూడా ఇంటికి రాదు. వాళ్ల అబ్బా రెండు దెబ్బలు కూడా వేశాడు." పాప ఏమీ మాట్లాడలేదు. గోడ పక్కన కుడికాలి మడమ మీద కూర్చుని, మడమని కింద నొక్కిపట్టి, ముందుకీ వెనక్కీ ఊగుతోంది.

అది బద్ధకం కాదు, పోరాటం. లోపల మూత్రపు సంచి హఠాత్తుగా బిగుసుకుంటే, బయటికి రాకుండా ఆ బిడ్డ మడమతో దారి మూసేస్తోంది. ఇంగ్లీషువాళ్ల దర్బారులో ఆడవాళ్లు మోకాలు వంచి చేసే సలాంలా ఉంటుందని, 1966లో విన్సెంట్ అనే వైద్యుడు ఈ భంగిమని వర్ణించాడు. ఇప్పటికీ వైద్యులు దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. మీ ఇంట్లో, మీ బడిలో, మదర్సాలో ఏ పిల్లో ఇలా ఉన్నట్టుండి కూలబడి కదలకుండా ఉండిపోతే, ఏ పిల్లాడో కాళ్లు మెలివేసి చేత్తో పట్టుకుని గెంతుతుంటే, తిట్టే ముందు ఒక్క క్షణం ఆగండి.

మూత్రాశయం ఒక కండరపు సంచి. నిండుతున్నంతసేపూ వదులుగా సాగుతూ ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు మాత్రమే బిగుసుకోవాలి. ఎంత పట్టాలి అన్నదానికి ఒక తేలిక లెక్క ఉంది. బిడ్డ వయసుకి ఒకటి కలిపి 30తో గుణిస్తే ఇన్ని మిల్లీలీటర్లు అని వస్తుంది. ఎనిమిదేళ్ల బిడ్డకి 270. కానీ ఈ పిల్లల్లో సంచి సగం కూడా నిండకముందే కండరం తనంతట తాను బిగుసుకుంటుంది. "నాలుగు చుక్కల కోసమా ఇంత హడావుడి" అని మనం అంటాం. హడావుడి నిజమే, చుక్కలూ నిజమే.

పసిబిడ్డకి మూత్రం వెన్నుపాము అడుగు భాగం నుంచే నడుస్తుంది. సంచి నిండింది, ఖాళీ అయింది, అంతే. పెరిగేకొద్దీ మెదడు ఆ నరాల మీద బ్రేకు వేయడం నేర్చుకుంటుంది. కొందరు పిల్లల్లో ఆ బ్రేకు పట్టడం ఆలస్యమవుతుంది, లేదా జారుతూ ఉంటుంది. దీన్ని వైద్యులు అతిచురుకు మూత్రాశయం అంటారు. ఐదేళ్లు దాటిన బిడ్డకి, వేరే జబ్బేమీ లేకుండా, ఆపుకోలేని తొందర ఉండటమే దీని అసలు గుర్తు. చాలామంది రోజుకి ఎనిమిదిసార్లకి మించి వెళ్తారు. కొందరు తడుపుకుంటారు, కొందరు తడుపుకోరు. ఇందులో బిడ్డ తప్పు గానీ తల్లి పెంపకం తప్పు గానీ ఏమీ లేవు.

కరెంటు సంగతికి రాకముందు ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. మిషను మొదటి మెట్టు కాదు. ఎవరైనా బిడ్డని నేరుగా నా దగ్గరికి తెచ్చి "పెట్టండి" అంటే నేను వెనక్కి పంపుతాను. ముందు పిల్లల డాక్టరు చూడాలి. మూత్ర పరీక్ష, అవసరమైతే పొట్ట స్కానింగ్ చేయించాలి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా ఇదే తొందర, ఇదే తడుపుకోవడం ఉంటాయి. దానికి మందు వేరు. బిడ్డ విపరీతంగా నీళ్లు తాగుతూ, బకెట్లకొద్దీ మూత్రం పోస్తూ, చిక్కిపోతుంటే అది షుగర్ కావచ్చు. అప్పుడు రేపు ఎల్లుండి అనకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నడుము కింద వెన్ను మధ్యలో వెంట్రుకల కుచ్చు, లోతైన గుంట, మెత్తటి గడ్డలాంటివి ఉంటే, నడక మారితే, కాళ్లు బలహీనపడితే, మలం కూడా తెలియకుండా పోతుంటే వెన్నుపాములో లోపం ఉందేమో చూడాలి. మూత్రం ధార సన్నగా వస్తూ బిడ్డ ముక్కి పోస్తుంటే, ఇరవై నాలుగు గంటలూ చుక్కచుక్కగా తడుస్తూనే ఉంటే, మూత్రంలో రక్తం పడితే, ఇవన్నీ స్పెషలిస్టు చూడాల్సినవే. ఇలాంటి బిడ్డకి నడుముకి కరెంటు పెడుతూ కూర్చుంటే విలువైన కాలం పోతుంది.

ఇవేవీ లేవని తేలాక కూడా మిషను కంటే ముందు వచ్చేది పొట్ట. మలబద్ధకం గురించి అడిగితే చాలామంది తల్లులు "అదేం లేదండీ, రోజూ వెళ్తాడు" అంటారు. రోజూ వెళ్లినా మేకపెంటికల్లా గట్టిగా కొంచెమే వస్తుంటే అది మలబద్ధకమే. మలం నిలిచే పేగు మూత్రపు సంచికి సరిగ్గా వెనకే ఉంటుంది. అది నిండుగా ఉంటే సంచిని నొక్కుతుంది, సాగనివ్వదు. రెండింటికీ వెళ్లే నరాలు కూడా ఒకచోటి నుంచే వస్తాయి. అందుకే పొట్ట బాగుచేస్తేనే కొందరు పిల్లల్లో సగం తొందర తగ్గిపోతుంది. బిస్కెట్లు, రస్కులు, మైదా పరోటాలు తగ్గించి చోడి అంబలి, ఆకుకూర, జామకాయ, అరటిపండు పెట్టండి. అప్పటికీ కదలకపోతే డాక్టరు రాసిన విరేచనపు మందు కొన్ని నెలలపాటు వాడాల్సి రావచ్చు. రెండు రోజులు వాడి మానేస్తే లాభం లేదు.

తర్వాత చాయ్. మన ఇళ్లలో నాలుగేళ్ల బిడ్డకి కూడా పొద్దున్న, సాయంత్రం చాయ్ పోస్తాం. ఇందులో ఉండే కెఫీన్ మూత్రాన్ని తొందరపెడుతుంది. కోలా డ్రింకులూ అంతే. ఈ పిల్లలకి చాయ్ మాన్పించడం పైసా ఖర్చు లేని వైద్యం. నిజం చెప్పాలంటే అన్నింటికంటే కష్టమైనది కూడా ఇదే, ఎందుకంటే ముందు అమ్మమ్మని ఒప్పించాలి.

నీళ్లు మాత్రం తగ్గించకూడదు. బడిలో బాత్రూం బాగోలేదని పొద్దున్నించి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగని ఆడపిల్లలు ఎంతమందో. చిక్కటి మూత్రం సంచిని ఇంకా గీరుతుంది, ఇన్‌ఫెక్షన్‌కి దారి తీస్తుంది, మలాన్ని గట్టిపరుస్తుంది. 2019లో కేరళ బడుల్లో నీళ్లు తాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టడం మొదలుపెట్టారు. అదే ఏడాది నవంబరు 14న మన రాష్ట్రంలో మొదలైన మన బడి నాడు–నేడు పనుల్లో నీళ్లున్న మరుగుదొడ్డి కూడా ఒక అంశం. గది కట్టడం ఒక పని. పాఠం మధ్యలో చిటికెన వేలు లేచినప్పుడు టీచరు వెళ్లనివ్వడం రెండో పని. ఈ పిల్లలు "ఇంటర్వెల్ దాకా ఆగు" అంటే ఆగలేరు. డాక్టరు చేత ఒక చీటీ రాయించి హెడ్మాస్టరుగారికి ఇస్తే చాలా బడుల్లో అర్థం చేసుకుంటారు.

తొందర వచ్చాక పరిగెత్తడం కాకుండా, రాకముందే గడియారం ప్రకారం వెళ్లడం ఈ వైద్యానికి పునాది. రెండు రెండున్నర గంటలకి ఒకసారి, అవసరం అనిపించినా అనిపించకపోయినా వెళ్లాలి. దీనికి అలారం వాచీలు ఉన్నాయి. మన ఇళ్లలో వాచీ కొనకుండానే పని జరుగుతుంది. అజాన్ వినబడగానే వజూకి ముందు ఒంటికి వెళ్లడం అలవాటు చేస్తే జుహర్, అసర్, మగ్రిబ్, ఇషా నాలుగూ నాలుగు గుర్తులు. ఫజర్‌కీ జుహర్‌కీ మధ్య మాత్రం దూరం ఎక్కువ. అందులో బడికి బయలుదేరే ముందు ఒకసారి, ఉదయం ఇంటర్వెల్‌లో ఒకసారి కలపాలి. కూర్చునే పద్ధతి కూడా చూడండి. ఆడపిల్లలు తొందరలో సల్వారు మోకాళ్ల దాకా మాత్రమే దింపి, కాళ్లు దగ్గరగా పెట్టి సగం కూర్చుని లేచిపోతారు. పూర్తిగా దింపి, మోకాళ్లు ఎడంగా పెట్టి, నిదానంగా ఖాళీ చేయాలి. మన నేలమరుగుదొడ్డి నిజానికి ఇందుకు మంచిది. కమోడ్ అయితే కాళ్లు గాలిలో వేలాడకుండా కింద ఒక పీట వేయండి.

ఒక మాట నమాజు గురించి. సఫ్‌లో నిలబడి మధ్యలో వెళ్లిపోయే పిల్లాణ్ని పెద్దలు కసురుకోవడం చూశాను. బట్టలు పాక్‌గా లేవన్న భయంతో నమాజుకే దూరంగా ఉండే పదమూడేళ్ల పిల్లల్నీ చూశాను. మూత్రం ఆగని మనిషికి షరీఅత్‌లో సడలింపు ఉంది, అలాంటివారిని మాజూర్‌గా పరిగణించే పద్ధతి ఫిఖహ్‌లో ఉంది. వివరాలు మీ మౌలానాగారిని అడగండి. అడగడానికి సిగ్గుపడి బిడ్డని ఇంట్లో కూర్చోబెట్టకండి. తావీజు కట్టించామని చెప్పేవాళ్లతో నేను వాదించను. కట్టిన తావీజు ఉండనీండి, దెబ్బలు మాత్రం ఆపండి. భయపడిన బిడ్డ ఇంకా బిగపడుతుంది, బిగపట్టినకొద్దీ సంచి ఇంకా మొండికేస్తుంది.

ఇవన్నీ రెండు మూడు నెలలు శ్రద్ధగా చేసినా తగ్గని పిల్లలు ఉంటారు. వాళ్లకి సాధారణంగా డాక్టర్లు ఆక్సీబ్యుటినిన్ లాంటి మందు రాస్తారు. సంచి కండరాన్ని వదులుచేసే మందు ఇది. చాలామందికి పనిచేస్తుంది. కానీ నోరు ఎండిపోతుంది, మొహం ఎర్రబడుతుంది, చెమట తగ్గి ఒళ్లు వేడెక్కుతుంది. మన మే నెల ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. పైగా మలబద్ధకం పెరుగుతుంది, అంటే ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కుంటుంది. అందుకని మందు పడని పిల్లల కోసం, మందు వద్దనుకునే తల్లిదండ్రుల కోసం వైద్యులు నరాల వైపు చూశారు.

కరెంటుతో వైద్యం కొత్తదేమీ కాదు. రెండు వేల ఏళ్ల కిందట స్క్రిబోనియస్ లార్గస్ అనే రోమన్ వైద్యుడు గౌట్ నొప్పికీ తలనొప్పికీ కరెంటు కొట్టే సముద్రపు చేపని వాడమన్నాడు. నైలు నదిలో అలాంటిదే ఒక చేప ఉంది. ముట్టుకుంటే చేయి వణికించే దాన్ని అరబ్బులు రఆద్ అన్నారు. సుమారు 1200 నాటి ఈజిప్టు గురించి రాసిన అబ్దుల్ లతీఫ్ అల్ బగ్దాదీ దాన్ని వర్ణించాడు. శాస్త్రంగా దారి పడింది మాత్రం 1965లో. నొప్పి కబురు మెదడుకి వెళ్లే దారిలో వెన్నుపాము దగ్గర ఒక గేటులాంటిది ఉందని, వేరే స్పర్శతో దాన్ని మూయవచ్చని ఆ ఏడాది మెల్జాక్, వాల్ అనే ఇద్దరు చెప్పారు. నొప్పులకి టెన్స్ మిషను ఆ ఆలోచన నుంచే వచ్చింది. మూత్రాశయానికి సంబంధించి అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో తనాఘో, ష్మిట్ అనే వైద్యులు 1980లలో నడుము కింది నరానికి ఆపరేషన్‌తో తీగ అమర్చి కరెంటు ఇచ్చారు. పెద్దవాళ్ల కోసం ఆ పరికరానికి 1997లో అక్కడ అనుమతి వచ్చింది. పిల్లలకి ఆపరేషన్ ఎందుకు, చర్మం మీది నుంచే ఆ నరాన్ని అందుకోలేమా అన్నది తర్వాతి ప్రశ్న.

అందుకోవచ్చు. నడుము అడుగున వెన్ను చివర త్రికోణంగా ఒక ఎముక ఉంటుంది, త్రికాస్థి అంటారు. దాని రంధ్రాల్లోంచి బయటికొచ్చే రెండు, మూడు, నాలుగో నరాలే మూత్రపు సంచినీ మలద్వారాన్నీ నడిపిస్తాయి. ఆ ఎముకకి అటొకటి ఇటొకటి ప్యాడ్లు అంటించి సెకనుకి పదిసార్లు కొట్టుకునేలా సన్నని కరెంటు ఇస్తారు. నొప్పికి మేం తరచు పెట్టే వేగం సెకనుకి ఎనభై నుంచి వంద దాకా ఉంటుంది. సంచికి పది. ఈ తేడా తెలియక నొప్పి ప్రోగ్రాం మీదే వదిలేస్తే వైద్యం మారిపోతుంది. కరెంటు తగిలినప్పుడు చీమలు పాకినట్టు, బుడుబుడుమన్నట్టు ఉంటుందని పిల్లలు చెబుతారు. నొప్పి పుట్టకూడదు. ఈ తట్టడం వెన్నుపాము దగ్గరా మెదడులోనూ బ్రేకు వేసే దారుల్ని మేల్కొలిపి, సంచి అనవసరంగా బిగుసుకోకుండా చూస్తుందని శాస్త్రవేత్తల అభిప్రాయం. కరెంటు తీసేశాక కూడా కొందరిలో ఫలితం నిలవడం చూస్తే, నరాలు ఏదో నేర్చుకుంటున్నాయనే అనిపిస్తుంది.

పనిచేస్తుందనడానికి రుజువేంటి? ఇలాంటి వైద్యాల్లో "నమ్మకంతోనే తగ్గిందేమో" అన్న అనుమానం సహజం. అందుకని దొంగ కరెంటుతో పోల్చి చూశారు. డెన్మార్క్‌లో 2009లో వెలువడిన పరిశోధనలో 25 మంది పిల్లలకి ఇంట్లోనే రోజుకి రెండు గంటల చొప్పున నాలుగు వారాలు పెట్టారు. నిజమైన కరెంటు అందిన 13 మందిలో 8 మందికి మెరుగు కనబడింది. ఉత్త ప్యాడ్లు పెట్టిన 12 మందిలో ఇద్దరికే. మెరుగు అంటే పూర్తిగా ఎండిపోవడం కాదు, తడుపుకోవడం బాగా తగ్గడం. 2010లో బ్రెజిల్‌లోని బహియా నుంచి వెలువడిన పరిశోధనలో 20 నిమిషాల చొప్పున 20 సార్లు, వారానికి మూడుసార్లు పెట్టారు. పోల్చిచూసే పిల్లలకి అదే మిషను, కాకపోతే ప్యాడ్లు భుజం ఎముక మీద. నడుముకి పెట్టిన 21 మందిలో 13 మంది తల్లిదండ్రులు పూర్తిగా తగ్గిందన్నారు. భుజానికి పెట్టినవాళ్లలో ఒక్కరు కూడా అనలేదు. అదే బ్రెజిల్‌వాళ్లు 2015లో ఆక్సీబ్యుటినిన్ మందుతో పోల్చారు. మూత్రం విషయంలో రెండూ దాదాపు సమానంగా ఉన్నాయి. కానీ కరెంటు పెట్టిన పిల్లల్లో మలబద్ధకం కూడా తగ్గింది, మందు వేసుకున్నవాళ్లలో నోరు ఎండటం, ఒళ్లు వేడెక్కడం కనిపించాయి.

అన్నీ చిన్న పరిశోధనలే. పాతిక ముప్పై మంది పిల్లల్ని చూసి ప్రపంచాన్ని గెలిచామనకూడదు. కొందరికి ఆపేశాక మళ్లీ మొదలవుతుంది, మళ్లీ పెట్టాల్సి వస్తుంది. ఇంకో గీత కూడా గీయాలి. పగలు ఏ ఇబ్బందీ లేకుండా రాత్రి నిద్రలో మాత్రమే పక్క తడిపే పిల్లలకి ఈ కరెంటుతో పెద్దగా లాభం కనబడలేదు. వాళ్లకి పక్క తడవగానే మోగే అలారం, డెస్మోప్రెసిన్ మందు వంటి వేరే దారులున్నాయి. "పక్క తడుపుతున్నాడు, మిషను ఇవ్వండి" అని వచ్చేవాళ్లని నేను మొదట అడిగేది పగటి సంగతే.

చీలమండ దగ్గర పెట్టే పద్ధతి కూడా ఉంది. లోపలివైపు చీలమండ వెనక సాగే నరం త్రికాస్థి నరాలతో కలుస్తుంది. అక్కడ సన్నని సూది గుచ్చి వారానికి ఒకసారి అరగంట చొప్పున పన్నెండు వారాలు కరెంటు ఇస్తారు. సూది అనేసరికి పిల్లలు పారిపోతారు కాబట్టి సూది లేకుండా ప్యాడ్లతోనూ ప్రయత్నిస్తున్నారు.

ఇక మన అసలు చిక్కు దూరం. 2022 ఏప్రిల్ 4న మనం అనకాపల్లి జిల్లా అయ్యాం గానీ పిల్లల యూరాలజీ కోసం మన చూపు ఇప్పటికీ విశాఖ వైపే. కింగ్ జార్జ్ ఆసుపత్రి ఇక్కడికి ఎనభై కిలోమీటర్ల పైనే. బ్రెజిల్ పద్ధతిలో వారానికి మూడుసార్లు, ఏడు వారాలు అంటే బిడ్డకి ఇరవై రోజులు బడి పోతుంది, తోడు వెళ్లే మనిషికి ఇరవై రోజుల కూలి పోతుంది. చింతపల్లి నుంచి ఘాట్ దిగి వచ్చేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే డెన్మార్క్ వాళ్ల ఇంటి పద్ధతి మనలాంటి ఊళ్లకి ఎక్కువ అక్కరకొస్తుంది. మిషను రెండు మూడు వేల రూపాయల్లో దొరుకుతుంది. ఒక బిడ్డకి రెండు మూడు నెలలు చాలు, ఆ తర్వాత అది బీరువాలో పడి ఉంటుంది. సొసైటీలు చక్రాల కుర్చీలు, ఆక్సిజన్ సిలిండర్లు అరువిచ్చినట్టు రెండు మిషన్లు ఉంచి, డాక్టరు చీటీ ఉన్నవాళ్లకి తిప్పుతూ ఇస్తే చాలు. ప్యాడ్లు మాత్రం ఎవరివి వారే కొనుక్కోవాలి.

మా పాప విషయంలో జరిగింది ఇదే. పిల్లల డాక్టరు చూశారు. విశాఖలో ఒకసారి స్కానింగ్, ఒకసారి స్పెషలిస్టు. అంతే, రెండు ప్రయాణాలు. ముందు రెండు నెలలు చాయ్ మానడం, మలబద్ధకానికి మందు, అజాన్ గడియారం. రోజూ తడిసేది కాస్తా వారానికి మూడు నాలుగు రోజులకి వచ్చింది, అక్కడ ఆగిపోయింది. అప్పుడు స్పెషలిస్టు చెప్పిన మీదట మిషను పెట్టాం. ఎక్కడ అంటించాలో తల్లికి నేర్పాను. నడుము కింద రెండు పక్కలా కనిపించే చిన్న సొట్టలకి కొంచెం దిగువన, వెన్నుకి అటూ ఇటూ. మొదటి వారం ప్యాడ్లు ఊడిపోతున్నాయని ఫోను. విచారిస్తే, స్నానం కాగానే నానీ కొబ్బరినూనె రాస్తోంది! సబ్బుతో కడిగి పూర్తిగా తుడిచి అంటించమన్నాక నిలిచాయి.

డయల్ తిప్పే పని పాపకే ఇచ్చాం. తన చేతిలో ఉంటే భయం ఉండదు. సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, తట్టడం బాగా తెలిసి నొప్పి మొదలవకముందే ఆపాలి. సాయంత్రం హోంవర్కు చేసుకుంటూ చొక్కా కింద పెట్టుకునేది. లోపల ఉండేది తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ, గోడ ప్లగ్గుతో సంబంధం లేదు. అయినా నీళ్లలో, నిద్రలో పెట్టకూడదు. ఆపేశాకే ప్యాడ్లు తీయాలి. చర్మం ఎర్రబడితే ఒకరోజు విరామం. ఫిట్స్ ఉన్న బిడ్డకి, గుండెకి పేస్‌మేకరు లాంటి పరికరం ఉన్న బిడ్డకి డాక్టరు ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప పెట్టకూడదు. ప్యాడ్లు ఎప్పుడూ గొంతు మీద, ఛాతీ మీద, పుండు మీద అంటించకూడదు. ఎగ్జిబిషన్లలో అమ్మే మసాజ్ బెల్టులు ఈ మిషన్లు కావు. పేరు చూసి మోసపోకండి.

మూడో వారం దాకా తేడా తెలియలేదు. తల్లి మానేస్తానంది. నాలుగో వారంలో పాపే చెప్పింది, తొందర వచ్చాక బాత్రూం దాకా "నడిచి" వెళ్లగలుగుతున్నానని. పది వారాలు పెట్టాం. ఇప్పుడు నెలకి ఒకటి రెండుసార్లు తడుస్తుంది, ఎక్కువగా జలుబూ దగ్గూ ఉన్నప్పుడు. పూర్తిగా తగ్గిందని నేను అనను. బడికి అదనపు సల్వారు తీసుకెళ్లడం మాత్రం మానేసింది.

మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు ఒక పని చేయండి. ఒక నోటుబుక్కు, కొలత గీతలున్న ఒక ప్లాస్టిక్ మగ్గు కొనండి. శనివారం, ఆదివారం, రెండు రోజులు చాలు. ఏ గంటకి ఎంత నీళ్లు, ఎంత చాయ్ తాగింది, ఏ గంటకి ఎంత మూత్రం పోసింది, ఎప్పుడు తొందర వచ్చింది, ఎప్పుడు తడిసింది రాయండి. మలం ఎలా వచ్చిందో కూడా వారంపాటు పక్కన రాయండి. బిడ్డకి రాయడం వస్తే తననే రాయనివ్వండి. డాక్టరుగారు అడిగే ప్రశ్నల్లో సగానికి జవాబులు ఆ రెండు పేజీల్లోనే ఉంటాయి. కరెంటు పెట్టాలా వద్దా అన్నదానికి కూడా.